చేతులు కాలాక ఆకులు

చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం అని మా మామ్మ రోజుకి నాలుగుసార్లయినా అంటుంది. పాలు పొంగినా అంటుంది, నేను పరీక్ష ముందురోజు పుస్తకం తీసినా అంటుంది. కిందటి ఎగ్జిబిషన్‌కి నేను నిజంగానే ఆకులు పట్టుకున్నాను. ఆ కథే రాస్తున్నాను. ఇందులో నాకు ప్రైజ్ రాలేదు. అందుకు కోపం వచ్చి రాస్తున్నానని ఎవరూ అనుకోవద్దు.

మాది రాయగడకి దగ్గర్లో ఒక ఊరు. మా వీధి చివర, దిగువకి ఒక పంచాయతీ చెరువుంది. ఎకరం ఉంటుంది. దాన్ని ఒక మహిళా సంఘం వాళ్ళు లీజుకి తీసుకుని చేపలు పెంచుతున్నారు. బొచ్చె, శీలావతి, మోసు. ఇవి మామ్మ చెప్పే పేర్లు. చెరువు దగ్గర మాత్రం ఒడియాలో భాకుర్, రొహి, మిరికాలి అంటారు. బొచ్చె నీళ్ళ పైపొరలో మేస్తుంది, శీలావతి మధ్యలో, మోసు అడుగున. ఈ అడుగున మేసే చేప సంగతి గుర్తుంచుకోండి, తరవాత దీంతో పనుంది.

మా వీధి వినాయకుణ్ణి ప్రతి ఏడూ ఆ చెరువులోనే కలుపుతాం. విశ్వకర్మ పూజ బొమ్మలు, దసరా బొమ్మలు కూడా అక్కడికే వస్తాయి. నీళ్ళు తగ్గినప్పుడు చూస్తే ప్లాస్టర్ ఆఫ్ పారిస్ చేతులు, తొండం ముక్కలు బురదలో కనిపిస్తాయి. మట్టి బొమ్మలా అది నీళ్ళలో తొందరగా కరగదు. దాని రంగులదీ ఒక కథ ఉంది. లెడ్ క్రోమేట్ అనే పదార్థాన్ని చాలా కాలంగా పసుపు రంగు కోసం వాడుతున్నారు. అందులో సీసమూ ఉంది, క్రోమియమూ ఉంది. ఇలాంటి రంగుల వల్లనే కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2010లో విగ్రహాల నిమజ్జనానికి నియమాలు పెట్టింది, 2020లో వాటిని సవరించి ప్లాస్టర్ ఆఫ్ పారిస్ బొమ్మలు వద్దంది. మా వీధికి ఆ కబురు ఇంకా చేరలేదు, లేదా చేరినా ఎవరూ వినలేదు.

సైన్స్ ఎగ్జిబిషన్‌కి ఏదైనా కొత్తది చెయ్యమన్నారు మా సైన్స్ మాస్టారు. ఆకుల రసంతో నానో కణాలు చేసి చెరువు అడుగు బురదలోని విషలోహాలని పట్టేయొచ్చని చదివాను. ఎక్కడో ఎందుకు, మా వీధి చివరే చెరువుంది కదా అనుకున్నాను.

నానో అంటే గ్రీకు భాషలో మరుగుజ్జు. ఒక మీటరుని వంద కోట్ల ముక్కలు చేస్తే ఒక ముక్క నానోమీటరు. మన తలవెంట్రుక మందం ఎనభై వేలు, లక్ష నానోమీటర్ల దాకా ఉంటుంది. అంత చిన్నవాటితో ఏం పని అంటారా? బెల్లం అచ్చు అలాగే నీళ్ళలో వేస్తే కరగడానికి ఎంతసేపు పడుతుందో, దంచి వేస్తే ఎంతసేపో మీకు తెలుసు. దంచితే బెల్లం పెరగదు గాని నీళ్ళు తగిలే చోటు పెరుగుతుంది. ఒక సెంటీమీటరు ఘనాన్ని తీసుకుంటే దాని పైభాగమంతా కలిపి 6 చదరపు సెంటీమీటర్లు. అదే ఘనాన్ని ఒక్కో నానోమీటరు ముక్కలుగా కోస్తే ఆ ముక్కల పైభాగాలన్నీ కలిపి 6,000 చదరపు మీటర్లు, అంటే సుమారు ఎకరంన్నర అవుతుంది. నేను లెక్క మూడుసార్లు చేసి చూశాను, అంతే వచ్చింది. వేలిగోరంత ముక్క ఎకరంన్నర పొలమైతే, ఆ పొలం నిండా లోహాలు వచ్చి అంటుకుంటాయన్నమాట. పైగా ఇనుముకి ఇంకో గుణం ఉంది. క్రోమియంలో ప్రమాదకరమైన రకం ఒకటుంది, షట్సంయోజక క్రోమియం అంటారు. మన రాష్ట్రంలోనే జాజ్‌పూర్ జిల్లా సుకిందా గనుల దగ్గర నీళ్ళలో ఉందని అందరూ భయపడేది దాని గురించే. ఇనుము దానికి ఎలక్ట్రాన్లు ఇచ్చి త్రిసంయోజక క్రోమియంగా మారుస్తుంది. అది నీళ్ళలో అంతగా కరగదు, విషమూ తక్కువ.

ఈ కణాలు చేయడానికి మామూలుగా గట్టి రసాయనాలు కావాలి. వాటి బదులు ఆకుల్లో ఉండే పాలీఫినాల్స్ ఆ పని చేస్తాయి. టీ ఆకు, వేప, జామ, ఇలా చాలా ఆకులతో చేశారు. నేను జామాయిలు ఆకు తీసుకున్నాను. కాగితం మిల్లుకి పంపే కర్ర కోసం మా వైపు జామాయిలు తోటలు బోలెడున్నాయి, ఆకు ఊరికే దొరుకుతుంది. ఆకు కడిగి, ముక్కలు చేసి, మరగబెట్టి వడగడితే గోధుమరంగు కషాయం వచ్చింది. అందులో ల్యాబ్‌లో ఉన్న ఫెర్రిక్ క్లోరైడ్ ద్రావణం చుక్కచుక్కగా పోశాను. క్షణంలో నల్లగా మారింది. మా క్లాసంతా చప్పట్లు కొట్టారు. నిజంగా చాలా బాగుంటుంది ఆ నలుపు. చార్టు మీద పెద్ద అక్షరాలతో రాశాను, మా ఊరి ఆకుతో మా ఊరి చెరువు శుద్ధి అని. కాలుష్యానికి కారణం అని ఉన్నచోట ఒక ఫ్యాక్టరీ, దాని పొగగొట్టం బొమ్మ గీశాను.

ఎగ్జిబిషన్‌కి వారం ముందు అరలీటరు సీసాతో చెరువు దగ్గరికి వెళ్ళాను. ఒక మూల పోసి, ముందూ తరవాతా ఫోటోలు తీసి చార్టుకి అంటించాలని ప్లాను. గట్టు మీద సంఘం తరఫున చెరువు చూసుకునే ఆవిడ ఉంది. మేమంతా మౌసి అంటాం. తవుడు కలుపుతోంది.

ఏం పోస్తున్నావని అడిగింది. నానో అన్నాను.

"నానో అంటే ఆ చిన్న కారా?"

నాకు నవ్వొచ్చింది. కాదు మౌసీ, మందు, చెరువు అడుగున విషం ఉంటే తీసేస్తుంది అన్నాను. ఆవిడ తవుడు చెయ్యి అలాగే పట్టుకుని నిలబడింది.

"విషం ఉందని నీకెవరు చెప్పారు?"

ఎవరూ చెప్పలేదు. నేను మట్టి పరీక్ష చేయించలేదు. బొమ్మలు వేస్తారు, రంగుల్లో సీసం ఉంటుంది, కాబట్టి ఉండే ఉంటుందని అనుకున్నానంతే. ఆవిడ ఇంకో రెండు ప్రశ్నలు అడిగింది. ఆ మందు చేప తింటే ఏమవుతుంది? తీసేసిన విషం ఎక్కడికి పోతుంది?

నేను ఆ సీసా మూత తియ్యకుండా ఇంటికొచ్చేశాను. అప్పుడు నాకు సిగ్గు వెయ్యలేదు, కోపం వచ్చింది. మంచి చెయ్యడానికి వెళ్తే ఇన్ని ప్రశ్నలా అనిపించింది. ఆ కోపంలోనే, మా చెరువులో విషముంది, శుభ్రం చేస్తానంటే వాళ్ళు ఒప్పుకోలేదు అని స్నేహితురాలితో అన్నాను. తను వాళ్ళమ్మతో అంది. వాళ్ళమ్మ కుళాయి దగ్గర అంది. తరవాత వాళ్ళు వల లాగిన రోజున మా వీధి వాళ్ళు సగం మంది గట్టు దాకా వెళ్ళలేదు. మిగిలిన చేపని ఐసు పెట్టించుకుని సంతకి మోసుకెళ్ళి తక్కువకి అమ్ముకున్నారట. ఈ సంగతి మౌసి నాతో చెప్పలేదు. మా నాన్న చెప్పారు, అన్నం దగ్గర, చాలా మామూలుగా. ఆ రోజు నాకు ముద్ద దిగలేదు.

పిల్లికి చెలగాటం, ఎలుకకి ప్రాణసంకటం అంటారే, అందులో పిల్లిని నేనే.

ఇక్కడి నుంచి నేను ఆలోచించడం మొదలుపెట్టాను. నేను చేసినదాంట్లో తప్పు ఎక్కడుంది? అబద్ధం చెప్పానా? చెరువులో విషం ఉండొచ్చు, లేకపోవచ్చు. దొంగతనం చేశానా, లేదు. ఎవరికీ చెడు చెయ్యాలనుకోలేదు. అయినా ఒక సంఘంలోని ఆడవాళ్ళు ఒక రోజు కష్టం పోగొట్టుకున్నారు. మనసు మంచిదైతే పని మంచిదే అని మనం చిన్నప్పటి నుంచి వింటాం. నాకు ఇప్పుడు దాని మీద అనుమానం వచ్చింది.

మొదట మాస్టారి దగ్గరికి వెళ్ళి అంతా చెప్పాను. ఆయన తిట్టలేదు. కానీ నా సీసా తీసి వెలుతురులో పట్టుకుని ఒక మాట అన్నారు. ఈ నలుపు నానో కణాల వల్లే వచ్చిందని నీకు ఎలా తెలుసు? టానిన్ ఉన్న కషాయంలో ఇనుము కలిస్తే నలుపు ఎలాగూ వస్తుంది, పాతకాలం సిరా అలాగే చేసేవాళ్ళు అన్నారు. కలంకారీ వాళ్ళు కరక్కాయ పట్టించిన గుడ్డ మీద, తుప్పు ఇనుమూ బెల్లమూ నానబెట్టిన నీళ్ళతో గీస్తే నల్ల గీత వస్తుంది, అది కూడా ఇదే. నీ సీసాలో కణాలు ఉండొచ్చు, ఉత్త సిరా ఉండొచ్చు, ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూస్తే గాని చెప్పలేం అన్నారు. అంటే నేను ఉందో లేదో తెలియని విషానికి, ఔనో కాదో తెలియని మందు పొయ్యబోయాను. చార్టు మీద మాత్రం రెండూ ఖాయం.

తరవాత మౌసి ప్రశ్నలు ఒక్కొక్కటే తీసుకున్నాను. విషం ఎక్కడికి పోతుంది? దీనికి సైన్స్ పుస్తకంలోనే జవాబుంది, నేను పట్టించుకోలేదు. సీసం మూలకం. ఏ ఆకూ, ఏ ఇనుమూ దాన్ని మాయం చెయ్యలేవు. క్రోమియాన్ని రూపం మార్చొచ్చు, సీసాన్ని కణానికి అంటించొచ్చు, అంతే. అంటుకున్న కణం బురదలోనే ఉంటుంది. ఇనుము ఆక్సైడ్ కణాలలో కొన్నిటిని అయస్కాంతంతో బయటికి లాగొచ్చు. గ్లాసు నీళ్ళలో అయితే సులువే. ఎకరం చెరువులో పై పది సెంటీమీటర్ల బురద తీసుకుంటే నాలుగు వందల ఘనపు మీటర్ల పైనే అవుతుంది. నా సీసా అరలీటరు. ఒకవేళ బోలెడు పోసి లోహాన్ని కట్టేశామనుకుందాం. వేసవిలో చెరువు ఎండగడతారు, బురద గాలికి తెరుచుకుంటుంది, బీటలు వారుతుంది. నీటి కింద గాలి తగలనప్పుడు పట్టి ఉన్న లోహం, గాలి తగిలాక మళ్ళీ విడిపోవచ్చు. ఎండిన పూడికని బండ్ల మీద పొలానికి తోలుతారు. తెలంగాణలో 2015లో మిషన్ కాకతీయ మొదలైనప్పుడు కూడా పూడిక మట్టిని రైతులు పొలాలకే తోలుకున్నారు. చెరువుమట్టి ఎరువు అనేది మన పెద్దల నాటి మాట, నిజమైన మాట. కానీ ఆ మట్టిలో సీసం ఉంటే చెరువు శుభ్రమై పొలం పాడవుతుంది.

చేప తింటే ఏమవుతుంది? అడుగున మేసే మోసు ఆ బురదనే నోట్లో వేసుకుని తవ్వుతుంది. లోహం అంటిన కణం దాని కడుపులోకి పోతే ఏమవుతుందో నేను ముందే ఆలోచించాల్సింది. ఇనుము ఎక్కువైతే మొప్పల మీద తెట్టులా పేరుకుని చేపకి ఊపిరాడదు. ఇనుము తుప్పు పట్టేటప్పుడు నీళ్ళలోని ఆక్సిజన్ కూడా వాడుకుంటుంది. ఇదంతా నేను ఆకుపచ్చ పద్ధతి అన్న ఒక్క మాట చూసి మర్చిపోయాను. ఆకుతో చేశాం కదా, హాని ఉండదులే అనుకున్నాను. గన్నేరు కూడా ఆకుపచ్చగానే ఉంటుంది మరి.

జపాన్‌లో మినమాత అనే ఊరి సంగతి మా పాఠంలో నాలుగు లైన్లలో ఉంది. అక్కడ ఒక రసాయన కర్మాగారం పాదరసాన్ని సముద్రపు ఖాతంలోకి వదిలింది, ఆ చేపలు తిని మనుషులకి నరాల జబ్బు వచ్చింది. 1956లో ఆ జబ్బుని మొదటిసారి అధికారికంగా గుర్తించారు. పాదరసం వదలడం ఆగింది మాత్రం 1968లో. మధ్యలో పన్నెండేళ్ళు! తరవాత 1977 నుంచి 1990 దాకా ఖాతం అడుగు బురదని తోడారు. సుమారు 15 లక్షల ఘనపు మీటర్లు. ఆ బురదని ఏం చేశారో తెలుసా? ఖాతంలోనే ఒక పక్క గోడ కట్టి, అందులో నింపి, పైన మంచి మట్టి కప్పారు. 58 హెక్టార్ల కొత్త నేల వచ్చింది, ఇప్పుడు దాని మీద పార్కు ఉంది. పిల్లలు ఆడుకుంటారు. పాదరసం ఎక్కడికీ పోలేదు, కిందే ఉంది, దానికి ఎప్పటికీ ఎవరో ఒకరు కాపలా ఉండాలి. జపాన్ అంతటి దేశం అంత డబ్బు పెట్టి చేసింది కూడా మౌసి ప్రశ్నకి పూర్తి జవాబు కాదు. శుభ్రం చెయ్యడం అనే మాట మనం తేలిగ్గా అనేస్తాం గాని, చాలాసార్లు దాని అర్థం ఒకచోటి నుంచి ఇంకోచోటికి మార్చడమే. ఇల్లు ఊడ్చి చెత్త పక్కింటి గుమ్మంలో పోసేవాళ్ళని మనం తిడతాం. చెరువు ఊడ్చి పొలంలో పోస్తే ఎవరు తిడతారు?

నా స్నేహితురాలు (ముందు చెప్పానే, తనే) ఈ వ్యాసం సగం చదివి నాతో వాదన వేసుకుంది. తన వాదన కూడా రాయకపోతే అన్యాయం అవుతుంది. తను అన్నది ఇది. నువ్వు ఇలా ప్రతిదానికీ భయపడితే ఎవరూ ఏమీ కనిపెట్టరు. ఒకవేళ ఆ బురదలో నిజంగా సీసం ఉంటే, నువ్వు ఆలోచిస్తూ కూర్చున్న ప్రతిరోజూ ఎవరో ఆ చేప తింటున్నారు. సీసం ముందు చిన్నపిల్లల మెదడుకే చేటు. ఏమీ చెయ్యకపోవడం కూడా ఒక పనే కదా, దాని పాపం ఎవరిది?

దీనికి నా దగ్గర గట్టి జవాబు లేదు. తను చెప్పింది నిజం. 1992లో రియో డి జనీరోలో జరిగిన పెద్ద సమావేశంలో దేశాలన్నీ ఒప్పుకున్న పదిహేనో సూత్రం కూడా తన వైపే ఉన్నట్టుంటుంది. పెద్ద నష్టం జరిగే ప్రమాదం ఉన్నచోట, పూర్తి రుజువు లేదన్న సాకుతో జాగ్రత్తలు వాయిదా వెయ్యకూడదని దాని సారం. కానీ అదే సూత్రాన్ని మందు వైపు తిప్పి చూస్తే, మందు వల్ల నష్టం లేదని తేలేదాకా ఆగు అని కూడా చెప్పుకోవచ్చు. ఒకే సూత్రం ఇద్దరి చేతిలోనూ కర్రే అయింది.

తనకి నేను బంగ్లాదేశ్ బోరుబావుల సంగతి చెప్పాను. 1970లలో అక్కడ చెరువుల నీళ్ళు తాగి పిల్లలు విరేచనాలతో చనిపోతున్నారని ఊరూరా చేతిపంపులు వేశారు. మంచి పని. యునిసెఫ్ లాంటి సంస్థలే సాయం చేశాయి. 1990లలో ఆ నీళ్ళలో ఆర్సెనిక్ ఉందని బయటపడింది. కోట్ల మంది దాన్ని తాగారు. బావి వేసేటప్పుడు ఆర్సెనిక్ పరీక్ష చెయ్యాలని ఎవరికీ తోచలేదు. చూశావా అన్నాను. తను ఊరుకుంటుందా? ఆ పంపులు వెయ్యకపోతే చచ్చిపోయే పిల్లల లెక్క ఎవరు కట్టారు అంది. ఇద్దరం కాసేపు మాట్లాడుకోలేదు. తరవాత టిఫిన్ పంచుకున్నాం.

ఇప్పటికీ మా ఇద్దరికీ పూర్తిగా కుదరలేదు. కానీ ఒక తేడా నాకు కనిపించింది. మందు వెయ్యాలా వద్దా అన్నది ఒక ప్రశ్న. ఎవరిని అడిగి వెయ్యాలి అన్నది వేరే ప్రశ్న. మొదటిదానికి నాకు జవాబు తెలియదు, దానికి పెద్ద ల్యాబులు కావాలి. రెండోదానికి ల్యాబు అక్కర్లేదు. చెరువు మీద బతికేవాళ్ళకి అర్థమయ్యేలా చెప్పి అడగాలి. అక్కడే నేను తప్పాను. నాకు మౌసి ఒక అడ్డంకిలా కనిపించింది, మనిషిలా కాదు. నష్టం వస్తే ఆవిడది, ప్రైజ్ వస్తే నాది. ఇది ఏం న్యాయం?

అర్థమయ్యేలా చెప్పడం కూడా తేలిక్కాదు, ముఖ్యంగా మా దగ్గర. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రమయ్యేదాకా ఈ కొరాపుట్, రాయగడ నేలంతా మద్రాసు ప్రెసిడెన్సీలో విశాఖపట్నం జిల్లా కిందే ఉండేది. 1992 అక్టోబర్ 2న రాయగడ కొరాపుట్ నుంచి విడిపోయి జిల్లా అయింది. గీతలు మారినా మనుషులు ఇక్కడే ఉన్నారు. అందుకే మేం ఒడిశాలో ఉండి తెలుగు మీడియం చదువుతున్నాం. మా ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా. సంఘంలో కొందరు కొండ్ ఆడవాళ్ళున్నారు, వాళ్ళలో వాళ్ళు కువి మాట్లాడుకుంటారు. నానో కణం అనే మాటకి నాకు తెలుగే సరిగ్గా రాదు, ఒడియాలో, కువిలో ఎక్కణ్ణుంచి తెస్తాను? మన భాషలో చదువు కావాలని మన పెద్దలు ఎందుకు అడుగుతారో నాకు ఆ రోజు ఇంకోలా అర్థమైంది. తెలియని భాషలో చెప్పించుకుని తల ఊపడం ఒప్పుకోవడం కాదు. మా తరగతిలో ఇంగ్లీషు ఫారం మీద అర్థం కాకుండా సంతకం పెట్టినవాళ్ళం ఎంతమందిమి లేము!

ఇక చార్టు మీద గీసిన పొగగొట్టం. అది రాయడానికే నాకు ఎక్కువ కష్టంగా ఉంది. మా చెరువు దగ్గర ఏ ఫ్యాక్టరీ లేదు. దాని గట్టు మీద నిలబడి చుట్టూ చూస్తే కనిపించేవి మా ఇళ్ళే. అయినా కాలుష్యం అనగానే నా చెయ్యి దానంతటదే పొగగొట్టం గీసింది. బొమ్మలు వేసింది మేం. మా నాన్న కమిటీలో ఉన్నారు. చందా పుస్తకం పట్టుకుని ఇల్లిల్లూ తిరిగింది నేను. పసుపు రంగు బాగా మెరిసే బొమ్మే కావాలని పేచీ పెట్టింది కూడా నేనే, ఆ ఏడు నాకు తొమ్మిదేళ్ళు. ఏటా రంగులు పోసి, తరవాత వాటిని తియ్యడానికి ఆకులు మరగబెట్టడం. మామ్మ సామెతలో చేతులు ఒక్కసారే కాలతాయి. మేం మాత్రం ఒక చేత్తో ఆకులు పట్టుకుని రెండో చెయ్యి మళ్ళీ నిప్పుల్లో పెడుతున్నాం.

ఇది మామ్మతో అంటే, "ఏటే గుంటా, దేవుడి మీదే వంక పెడతావేటి?" అంది. దేవుడి మీద కాదు మామ్మా, ప్లాస్టర్ మీద అన్నాను. ఆవిడ కాసేపాగి, తన చిన్నప్పుడు కుమ్మరి ఇచ్చిన మట్టి వినాయకుడే ఉండేవాడని, రంగే ఉండేది కాదని, పసుపు రాసి పత్రి పెట్టేవాళ్ళమని చెప్పింది. అంతసేపూ నేనేదో కొత్త విషయం కనిపెట్టాననుకున్నాను.

ఉగాదికి వీధి పెద్దలంతా కూర్చున్నప్పుడు నాన్నని అడిగి నేను కూడా వెళ్ళి మాట్లాడాను. ఈ ఏడు మట్టి బొమ్మ పెడదాం, లేకపోతే బొమ్మని చెరువులో కాకుండా విడిగా గుంట తీసి అందులో కలుపుదాం అన్నాను. ఒక బాబాయి, ఒక్క బొమ్మకే చెరువు పాడైపోతుందా అన్నారు. ఒక్క బొమ్మకి కాదు బాబాయ్, ఎన్ని ఏళ్ళ బొమ్మలో లెక్కపెట్టండి అన్నాను. ఇంకొకాయన పక్క వీధి వాళ్ళది పెద్ద బొమ్మ అయితే మనకి చిన్నతనం కాదా అన్నారు. మట్టి బొమ్మ పెద్దది చేస్తే బరువు, పగుళ్ళు వస్తాయి అని ఇంకొకరు. ఇది న్యాయమైన మాటే. ఏదీ తేలలేదు. వినాయక చవితికి ఇంకా టైముంది, చూద్దాం అన్నారు. చూద్దాం అంటే ఏమిటో మీకూ తెలుసు, నాకూ తెలుసు. నాన్న మాత్రం ఇంటికొచ్చే దారిలో, కుమ్మరి వీధిలో ఒకసారి అడిగి చూద్దాంలే అన్నారు.

ఎగ్జిబిషన్‌లో నేను సీసా పెట్టాను, చార్టు మార్చాను. పొగగొట్టం మీద తెల్లకాగితం అంటించి దాని మీద మా వీధి వినాయకుణ్ణి గీశాను. చెరువు శుద్ధి అన్నచోట, ఇది ఇంకా పరీక్షించలేదు అని రాశాను. చూడ్డానికి వచ్చిన ఒక పెద్దాయన, పరీక్షించనిది ఎందుకు పెట్టావమ్మా అని నవ్వి పక్క బల్లకి వెళ్ళిపోయారు. అక్కడ అగ్నిపర్వతం పొగలు కక్కుతోంది.

మౌసి దగ్గరికి మాత్రం చాలా రోజులు వెళ్ళలేకపోయాను. దారి మార్చి తిరిగేదాన్ని. చివరికి అమ్మని తోడు తీసుకుని వెళ్ళాను. నా మాట వల్లే మీ చేప మిగిలిపోయింది మౌసీ అన్నాను. ఆవిడకి ముందే తెలుసు. ఆవిడ ఏదైనా అంటే బాగుండేది, ఏమీ అనలేదు. అమ్మ ఆ రోజు రెండు కిలోల శీలావతి కొంది. మా ఇంట్లో అందరం తిన్నాం. తింటున్నంతసేపూ నా మనసులో సీసం సంగతి తిరుగుతూనే ఉంది, అది కూడా దాచకుండా రాస్తున్నాను.

మొన్న నీళ్ళు బాగా తగ్గాయి, ఇంకో నెలలో చెరువు ఎండగడతారు. ఒకరోజు సాయంత్రం మౌసి మా ఇంటికి వచ్చింది. చేతిలో పాలిథిన్ సంచి, అందులో నల్ల బురద, మూతి తాడుతో కట్టి ఉంది. ఈ ఏడు పూడిక పొలానికి వేసుకోవచ్చా లేదా, మీ మాస్టారు ఎక్కడైనా చూపించగలరా అని అడిగింది. సంఘంలో వాళ్ళంతా కూర్చుని మాట్లాడుకున్నారట. కువి మాట్లాడే ఆవిడ ఒకావిడే, మట్టి ఒకచోట కాదు, బొమ్మలు వేసే మూల నుంచి, అవతలి మూల నుంచి, రెండు చోట్ల నుంచీ తియ్యాలని చెప్పిందట. అందుకని రెండో సంచి కూడా ఉంది. నాకు ఇది తట్టి ఉండేది కాదు.

మౌసి ఒక షరతు పెట్టింది. ఏది తేలినా ముందు సంఘానికి చెప్పాలి, తరవాతే ఇంకెవరికైనా. విషం ఉందని తేలితే ఏం చేస్తావు మౌసీ అని అడిగాను. "ముందు తేలనీ" అంది.

మట్టిలో సీసం కొలిచే యంత్రం మా బడిలో లేదు. మాస్టారికి తెలిసినవాళ్ళు ఒక కాలేజీ ల్యాబ్‌లో ఉన్నారు, వాళ్ళు ఒప్పుకున్నారు. సంచుల మీద పేరు రాయమని మాస్టారు నా చేతికి పెన్ను ఇచ్చారు. చెరువు పేరు రాయబోయి ఆగాను. ఒకదాని మీద 1 అని, ఇంకోదాని మీద 2 అని మాత్రం రాశాను. ఏది ఏ మూలదో మౌసికి, సంఘం వాళ్ళకి, నాకు తెలుసు.